వెనకవైపు పసుపు

నేను ఒక ట్యాగుని. పెళ్ళిళ్ళలో తాంబూలం సంచీకి దారంతో కట్టి వేలాడదీస్తారు చూడండి, పెళ్ళికూతురు పేరూ పెళ్ళికొడుకు పేరూ రాసిన రంగుల చీటీ, అదే. మీరు సంచీలో కొబ్బరికాయ ఉందా, జాకెట్టు గుడ్డ ఉందా అని తడుముకుంటారు గానీ నా వంక చూడరు. ఇంటికెళ్ళాక సంచీని కూరగాయలకి ఉంచుకుని నన్ను పుటుక్కున తెంపి చెత్తబుట్టలో వేస్తారు. మా జాతి ఆయుర్దాయం మహా అయితే ఒక పూట. నేను మాత్రం ఎనిమిది నెలలు దాటినా బతికే ఉన్నాను. సంతోషించాల్సిన సంగతే. కానీ ఏ చోట బతికి ఉన్నానో, ఏమేం వినాల్సి వచ్చిందో తెలిశాక నన్ను సంతోషించమనడానికి మీకే నోరు రాదు.

నేను పుట్టింది కాలవగట్టు కాలనీలో. మండపేట నుంచి కాలవ వెంట దిగువకి నాలుగు కిలోమీటర్లు వస్తే రేవు పక్కన రెండు వరసల పెంకుటిళ్ళు, ఒక చిన్న ఆసుపత్రి, ఒక రేకుల షెడ్డు కనిపిస్తాయి. కుష్ఠు ఉందని ఇళ్ళలోంచి పంపేసినవాళ్ళు అక్కడ ఉంటారు. ఉందనడం కూడా తప్పే, ఉండేదనాలి. మాత్రలు మింగి అందరూ ఎప్పుడో బాగయ్యారు. డాక్టరు గారు ఆ ముక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేసి ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని సంబరంగా ఇంటికెళ్తే, ఇంట్లోవాళ్ళు గుమ్మం బయటే నిలబెట్టి, బాగున్నావా అని అడిగి పంపేశారు. వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చి ఆ షెడ్డులో కూర్చుని లోకానికి అందమైన వస్తువులు చేసి పంపుతుంటారు. లోకం కూడా వాటిని ఇష్టంగానే కొనుక్కుంటుంది, చేసింది ఎవరో తెలియనంత కాలం.

నా ఒళ్ళు అచ్చంగా చేతి కాగితం. చింకి పంచెలు, రాసి పారేసిన నోటుపుస్తకాలు మూడు రోజులు తొట్టెలో నానబెట్టి, రోట్లో దంచి, ఆ గుజ్జుని సన్నని వల బిగించిన చట్రం మీద పలచగా పరిచి ఎండబెడతారు. ఎండిన కాగితాన్ని దేవదానం తాత చీటీలుగా కత్తిరించేవాడు. డెబ్బై దాటిన మనిషి, కాలనీలో అందరికంటే పాతవాడు, చేతివేళ్ళు పదికి పదీ మిగుల్చుకున్నవాడు. ఆ గొప్ప రోజుకి ఒక్కసారైనా చెప్పుకోకపోతే ఆయనకి అన్నం సయించదు. బొమ్మ వేసేది సత్యవేణి. నలభై ఆరేళ్ళు ఉంటాయి. ఆవిడ కుడిచేతికి వేళ్ళు సగం సగమే ఉండేవి, బ్రష్షు నిలిచేది కాదు. అందుకని పాత చీర అంచు చింపి బ్రష్షుని అరచేతికి కట్టేసుకుని గీసేది. ఆవిడ వేప పూత వేస్తే చీమలు పట్టేవని తాత అందరికీ చెప్పేవాడు. తాత మాటల్లో సగం కొట్టిపారెయ్యాలి. అయినా బొమ్మ బాగుండేదన్నది నిజం.

ఫాల్గుణ మాసంలో ఒక ఉదయం కామేశ్వరి గారు వచ్చారు. ఆవిడ రాజమండ్రిలో పెళ్ళిళ్ళకి ఇచ్చే బహుమతుల దుకాణం నడుపుతారు, షెడ్డుకి పనులు ఆవిడే తెస్తారు. చెడ్డ మనిషేం కాదు. వచ్చినప్పుడల్లా అందరినీ పేరుపేరునా పలకరిస్తారు, పండగలకి బట్టలు తెస్తారు. మంచినీళ్ళు మాత్రం తన సీసాలోవే తాగుతారు.

"చైత్రంలో పెళ్ళండీ. వసంతం ఇంటికొచ్చినట్టుండాలంట ట్యాగులు. మామిడి చిగుళ్ళు, వేప పూత, ఆకుల్లో కోయిల. మూడొందలు కావాలి. ఎక్కడ చేసేరో తెలిసేలా పేరూ, గుర్తూ ఏవీ వద్దు. మీకు తెలుసు కదా," అన్నారు ఆవిడ. పేర్లు చూసి రాయడానికి పెళ్ళివారి శుభలేఖ ఒకటి సత్యవేణి ముందు పెట్టి వెళ్ళిపోయారు.

అప్పటికి నేనింకా విడిగా లేను. పెద్ద కాగితంలో కలిసిపోయి కిటికీ పక్కన ఎండుతున్నాను. సత్యవేణి శుభలేఖ తీసి చదువుతోంది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఏంటమ్మా, అలా ఉండిపోయేవు?" అన్నాడు తాత.

"నేను చచ్చిపోయేనంట తాతా," అంది సత్యవేణి. "ఇదిగో చూడు. కీర్తిశేషులు గుడాల వీర్రాజు, కీర్తిశేషులు శ్రీమతి సత్యవేణి దంపతుల ఏకైక పుత్రిక చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి హైమావతి. ఎంత అందంగా అచ్చు వేయించేరో."

అని నవ్వింది కూడా. ఆ తర్వాత శుభలేఖ ఒళ్ళో పెట్టుకుని పమిటతో ముఖం కప్పుకుని ఏడ్చింది. తాత కత్తెర పక్కన పెట్టి కూర్చున్నాడు. ఏడవద్దని అనలేదు. కాలనీలో ఎవరూ ఎవరినీ అలా అనరు.

ఆ కథ నాకు తెలిసింది తర్వాత వాళ్ళు పని చేసుకుంటూ చెప్పుకున్న మాటల్లోంచే. హైమకి రెండేళ్ళప్పుడు సత్యవేణి చేతి మీద మచ్చలు తేలాయి. అట్లపెనం పట్టుకున్నా తెలిసేది కాదు. ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. సత్యవేణి మొగుడు వీర్రాజు మెతక మనిషి, నోరు విప్పడు. ఆయన అక్క సుభద్ర భర్త పోయి పుట్టింట్లోనే ఉండేది, పెత్తనమంతా ఆవిడదే. ఆవిడే మరదల్ని జీపులో ఎక్కించి కాలవగట్టు మీదుగా తీసుకొచ్చి కాలనీలో దింపింది. ఏడాదిలో నయమైపోతుంది, వచ్చి తీసుకెళ్తాను, పిల్లని నేను చూసుకుంటాను అంది. ఆ మాటల్లో చివరిది మాత్రం నిలబెట్టుకుంది. హైమని కన్నతల్లి కంటే ఎక్కువగా పెంచింది.

నాలుగేళ్ళ తర్వాత సుభద్ర మళ్ళీ ఒక్కసారి వచ్చింది. వీర్రాజు లారీ గుద్ది పోయాడని చెప్పింది. "పిల్లకి నువ్వూ పోయేవనే చెప్పేం సత్యా. రేపు దానికి పెళ్ళి కావాలి. తల్లి ఇక్కడుందని తెలిస్తే ఎవడు చేసుకుంటాడు? నువ్వే ఆలోచించు," అంది. సత్యవేణి ఆలోచించింది. సరే వదినా అంది. ఏదైనా అవసరం పడితే అని సుభద్ర తన నంబరు ఆసుపత్రిలో ఇచ్చి వెళ్ళింది. ఇంటి దగ్గర ఏడాదికొక తిథి పెట్టి, బతికున్న మరదలి పేరు చెప్పి పంతులు గారికి స్వయంపాకం ఇస్తూ వచ్చింది. మనుషులు అబద్ధం ఆడితే దానికి తగ్గ మర్యాదలన్నీ చేస్తారు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

"ఓసారి వెళ్ళి చూసిరా అమ్మా. దూరంగా నిలబడి చూద్దువు గాని," అన్నాడు తాత ఆ సాయంత్రం.

"ఈ చెయ్యి కనబడితే అడగరా, ఎవరీవిడ అని? ఎవరో ఒకరు ఆనవాలు పట్టేరనుకో, పీటల మీంచి లేపేస్తారు దాన్ని. పద్దెనిమిదేళ్ళు చచ్చిపోయి కూర్చుంది దేనికి తాతా? ఆ ముహూర్తం కోసమే కదా." శుభలేఖ మడిచి పక్కన పెట్టి మళ్ళీ అంది. "కానీ నా చేత్తో చేసింది ఒక్కటి దాని చేతికి వెళ్ళాలి. వెళ్తే చాలు. నాదని తెలియక్కర్లేదు."

మూడు వందలూ తనే చేస్తానని పట్టుబట్టింది. షెడ్డులో తక్కినవాళ్ళు తలా కొన్ని పంచుకుంటామన్నా ఒప్పుకోలేదు. పసుపులో సున్నం కలిపి ఎర్రరంగు తీసింది, దాంతో మామిడి చిగుళ్ళు వేసింది. ఆముదం దీపం మసితో కోయిలని వేసింది. కాలనీ వెనక చెట్టు నుంచి వేప పూత దులిపి, పుస్తకాల మధ్య అణిచి, నిజం పువ్వులు రెండేసి తుమ్మజిగురుతో అంటించింది. చివర్న పేర్లు రాసేది. శశిధర్ అన్నది గబగబా రాసేసేది. హైమావతి అని రాసేటప్పుడు మాత్రం ఎంతసేపు పట్టేదో! రాస్తూ పెదాలు కదిపేది. కూతుర్ని ఆ పేరు పెట్టి పిలిచింది రెండేళ్ళే. ఇప్పుడు మూడు వందల సార్లు పిలుచుకుంది.

రంగు ఆరాక చీటీ వంకర పోకుండా బట్ట కప్పి ఇస్త్రీపెట్టెతో అణచాలి. అది తాత పని. ఆ రోజు తాత జ్వరంతో షెడ్డులోనే ఓ మూల పడుకున్నాడు, గడువు దగ్గర పడింది. సత్యవేణి తనే పెట్టె అందుకుంది. బట్ట కింద ఉన్నది నేనే. ఎడమచేత్తో బట్ట అదిమిపట్టి, కుడిచేతి మణికట్టుతో పెట్టెని తోస్తోంది. ఆ ఎడమచేయి పెట్టె అంచుకి ఆనుకుని ఉంది. నాకు తెలుస్తోంది, ఆవిడకి తెలియదు. అరవాలనిపించింది, నోరేదీ?

"తాతా, ఎక్కడో బట్ట కాలిన వాసన వస్తంది," అంది ఆవిడ, చుట్టూ చూస్తూ. బట్ట కాదు, ఆవిడ అరచేయి.

డాక్టరు గారు కట్టు కట్టి తిట్టారు. నీళ్ళు తగలకూడదు, పని చేయకూడదు, పుండు పడితే మీ ఒంటికి అంత తేలిగ్గా మానదు అన్నారు. అలాగేనండీ అని బుద్ధిగా తలూపి మర్నాడు పొద్దున్నే పసుపు గిన్నె ముందేసుకుని కూర్చుంది.

ఆ పసుపు సంగతి చెప్పాలి. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు అందరూ పెడతారు. సత్యవేణి పుట్టింటివైపు ఇంకో ఆనవాయితీ ఉంది. పెళ్ళికూతురి తల్లి లేఖని తిరగేసి వెనకవైపు నడిమధ్యన అయిదో బొట్టు పెడుతుంది. పిల్లకి వెనకనుంచి దిష్టి తగలకుండా అట. అది తల్లే పెట్టాలి, ఇంకెవరూ పెట్టకూడదు. సత్యవేణి మూడు వందల చీటీలకీ నాలుగు మూలలా పసుపు అద్దింది. తర్వాత ఒక్కొక్కటే తిరగేసి, వేలి కణుపుతో అయిదోది పెట్టింది.

"గుర్తులు వద్దన్నారు కదమ్మా," అన్నాడు తాత దుప్పటి కప్పుకుని.

"పసుపు గుర్తేంటి తాతా? ఎవరికి తెలుస్తుంది?"

"ఒకదానికి పెట్టొచ్చు కదా. అన్నిటికీ దేనికి?"

"ఏ చీటీ దాని చేతికి వెళ్తుందో నాకేం తెలుసు?" అంది.

అట్టపెట్టెలో సర్ది మమ్మల్ని పంపేటప్పుడు ఆవిడ గేటు దాకా వచ్చింది. పెట్టె మీద కట్టు కట్టిన చెయ్యి కాసేపు ఆనించి తీసేసింది. కామేశ్వరి గారు మమ్మల్ని కారు ఎక్కించుకున్నారు.

మండపేటలో పెళ్ళి ఇల్లు ఎంత హడావుడిగా ఉండాలో అంత హడావుడిగానూ ఉంది. చుట్టాల ఆడపిల్లలు చాప మీద కూర్చుని మమ్మల్ని సంచీలకి కట్టారు. ఎంత బాగున్నాయే, కోయిల చూడవే, నిజం పువ్వులే అని ఒకటే మురిపెం. నాకు గర్వం తలకెక్కింది, దాచడం దేనికి? మా అమ్మ చేసిందర్రా అని అరవాలనిపించింది. వెనకవైపు ఎవరూ చూడలేదు.

చూసింది సుభద్ర. పెళ్ళినాడు పొద్దున్న ఎనిమిదింటికి సంచీలు సరిపోయాయో లేదో చూసుకోవడానికి సామాన్ల గదిలోకి వచ్చింది. అరవై దాటిన మనిషి, పట్టుచీర కట్టుకుని, పదిమందికి పది పనులు పురమాయిస్తూ వచ్చింది. ఒక సంచీ సర్దుతుంటే చీటీ వెనక్కి తిరిగింది. సుభద్ర చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంకో చీటీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. సత్యవేణి పెళ్ళి శుభలేఖల మీద ఆ బొట్టు చూసి, ఇదేం వింత ఆచారమే అని నవ్విన మనిషి ఆవిడే.

కామేశ్వరి గారు పెళ్ళికి వచ్చారు. సుభద్ర ఆవిడని పక్కకి పిలిచి, ఇవెక్కడ చేయించారని అడిగింది. కామేశ్వరి గారు నసిగారు. చివరికి గొంతు తగ్గించి, "కాలవగట్టు కాలనీలోనండీ. అన్నీ శుభ్రం చేసే పంపుతారండి, మీరేం అనుకోకండి," అన్నారు. సుభద్ర గదిలోకి వచ్చి తలుపు గడియ వేసుకుని కత్తెర తీసుకుంది.

నేను ఆవిడని రాక్షసి అనుకోవాలని ఎంతో ప్రయత్నించాను. కుదరలేదు. ఆవిడ నేలమీద కూర్చుని ఒక్కొక్క దారం కత్తిరిస్తూ ఏడుస్తోంది. "ఎందుకు చేసేవే సత్యా! ఈ ఒక్కపూట ఆగలేకపోయేవా? మగపెళ్ళివారిలో ఒక్కరు అడిగితే నా పిల్ల గతేం కాను? పెట్టుకోక పెట్టుకోక ఇవాళ పెట్టేవే పసుపు!" అంటూ కత్తిరిస్తోంది. ముహూర్తం పదిన్నరకి. బయట సన్నాయి మొదలైంది. సన్నాయిలో కత్తెర చప్పుడు ఎవరికీ వినిపించలేదు. నా దారం కూడా తెగింది, కుప్పలో పడ్డాను.

అంతలో ఎవరో తలుపు తట్టారు. "అత్తా, లోపలున్నావా? గౌరీపూజకి పిలుస్తన్నారు, నువ్వు రావేంటి?" సుభద్ర ముఖం తుడుచుకుని గడియ తీసింది. హైమ. బుగ్గన చుక్క, నుదుట బాసికం, మెడలో పూలదండలు. తల్లి పోలికే. ఆ మాట అనడానికి అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు.

"అదేంటత్తా, అన్నీ కత్తిరించేసేవు? ఎంత బాగున్నాయో!"

"పసుపమ్మా. పట్టుచీరలకి అంటుకుంటంది. మగపెళ్ళివారు ఏవైనా అంటారేవోనని," అంది సుభద్ర.

హైమ వంగి కుప్పలోంచి ఒకదాన్ని తీసింది. అది నేను. సత్యవేణి కోరుకున్నది జరిగింది. ఆ చేతిలో గోరింటాకు ఎర్రగా పండింది, వేళ్ళు పొడుగ్గా, నున్నగా ఉన్నాయి. నన్ను తిరగేసి చూసింది.

"వెనక కూడా పెట్టేరు అత్తా పసుపు. ఎవరో గానీ చాలా శ్రద్ధగా చేసేరు," అంది. "ఇదొక్కటి నేను ఉంచుకుంటాను."

సుభద్ర తక్కినవి ఒక సంచీలో కుక్కి, పదమ్మా, పూజకి వేళవుతోంది అంది.

మధ్యాహ్నానికి పెళ్ళి అయింది. అప్పగింతలప్పుడు హైమ హాల్లో గోడకున్న తల్లిదండ్రుల ఫొటోల దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టుకుంది. తల్లి ఫొటో పెళ్ళినాటిది, ఇరవై ఏళ్ళ సత్యవేణి, వేళ్ళన్నీ ఉన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెడలో గంధపు దండ. "అమ్మా, వెళ్ళొస్తానే," అని ఏడ్చింది హైమ. తన చేతిలో ఉన్న నన్ను ఆ ఫొటో చట్రానికీ అద్దానికీ మధ్య దోపి, "నా పెళ్ళి గుర్తు నీ దగ్గర ఉంచు," అంది. అలా నన్ను చేసిన మనిషి దండ వేసిన ఫొటోకే నేను వేలాడుతూ ఉండిపోయాను. ఆ మనిషి నాలుగు కిలోమీటర్ల దూరంలో అన్నం తింటూ, ముహూర్తం అయిపోయి ఉంటుందా అని ఎవరినో అడుగుతూ ఉంటుంది. ఇంతకంటే కష్టమైన చోటు ఏ చెత్తబుట్టలోనూ లేదు.

తక్కిన రెండువందల తొంభై తొమ్మిదీ ఏమయ్యాయో విన్నాను. పసుపు పెట్టిన కాగితాన్ని చెత్తలో వేయకూడదు, కాల్చకూడదు, తొక్కకూడదు, పారే నీళ్ళలో వదలాలి. సుభద్ర అన్నీ ఆచారం ప్రకారం చేసే మనిషి. మర్నాడు తెల్లవారగానే సంచీలో వేసుకెళ్ళి, దణ్ణం పెట్టుకుని కాలవలో కలిపి వచ్చింది. కాలవ ఎటు పారుతుందో ఆవిడకి తెలుసు. ఆ తెల్లవారుజామున మాత్రం గుర్తు రాలేదు.

వేసవి వెళ్ళింది, వానలు వెళ్ళాయి. హైమ కడుపుతో ఉందని కబురొచ్చింది. సీమంతం చేసి, మార్గశిరంలో పురిటికి తీసుకొచ్చారు. సుభద్ర సంతోషం అంతా ఇంతా కాదు. కానీ హాలు ఊడ్చేటప్పుడు నా వంక చూడకుండా ఊడ్చేది. ఒకసారి నన్ను తీసేయాలని చెయ్యి చాపి, మళ్ళీ ఊరుకుంది.

ఒక మంగళవారం పొద్దున్న హైమ పక్కింటికి వెళ్ళింది. సుభద్ర వంటింట్లో సున్నుండలు చుడుతోంది. ఫోను మోగింది. చేతులు నేతిలో ఉన్నాయి కాబట్టి మోచేత్తో నొక్కి, స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచింది. వంటింటి గుమ్మం నా ఎదురుగానే ఉంది.

"అమ్మగారండీ, కాలవగట్టు కాలనీ నుంచండి, దేవదానాన్ని. ఆసుపత్రిలో ఈ నంబరు ఉంటే చేసేనండి. సత్యవేణమ్మ పోయిందండి. తెల్లారి అయిదింటికి."

సుభద్ర ఫోను దగ్గరికి వంగింది.

"పుండండి. పెళ్ళి ట్యాగులు చేసినప్పుడు చెయ్యి కాల్చుకుంది. కట్టు కట్టేరు, తగ్గేదే. ఆ పెళ్ళి మర్నాడు మేం రేవులో బట్టలుతుకుతుంటే పచ్చగా తేలుకుంటా వచ్చేయండి, ఒకదాని వెనకాల ఒకటి. ఆవిడే ముందు చూసింది. వద్దంటే వింటేనా, కట్టుతోటే దిగిపోయింది నీళ్ళలోకి. పీకల్లోతు దాకా వెళ్ళి ఏరింది. 'దారాలు కత్తెరతో కోసేసేరు తాతా' అంది. అంతే అంది. గట్టు మీద ఒక్కొక్కటీ పరిచి ఆరబెట్టింది. రెండొందల డెబ్బై దొరికేయండి. పుండు ఇక మానలేదు. శ్రావణంలో చెయ్యి తీసేసేరు. అప్పటికే ఒళ్ళంతా పాకేసింది."

సుభద్ర గోడకి ఆనుకుని నిలబడింది. చేతిలో పిండి అలాగే ఉంది.

"ఆ దొరకని ముప్ఫై లెక్కేసుకునేదండి రోజూ. 'అన్నీ పారెయ్యలేదు తాతా, కొన్ని జనం తీసుకెళ్ళేరు, మా అమ్మాయి ఒకటి ఉంచుకునే ఉంటది' అనేది. రాత్రి పోయేముందు కూడా అదే అడిగింది. నేనేం చెప్పగలనండీ? అవునమ్మా అన్నాను. అమ్మగారూ, ఒక్క మాట చెప్పండి, ఆ పిల్ల ఒకటైనా తీసుకుందాండీ? పాతిపెట్టేలోగా చెవిలో చెప్తాను."

సుభద్ర తలెత్తి నన్ను చూసింది. నోరు తెరిచింది. తీసుకుంది, ఇదిగో ఉంది అని ఒక్క మాట! నేను గోడ మీద నుంచి ప్రాధేయపడ్డాను. అప్పుడే వీధి గేటు చప్పుడైంది, హైమ చెప్పులు విడిచే అలికిడి. సుభద్ర మోచేత్తో ఫోను కట్టేసింది. తాత మళ్ళీ చేశాడు. ఆవిడ దాన్ని పిండి చేత్తోనే డబ్బా వెనక్కి తోసేసింది. అది అక్కడ గుర్రుమని కాసేపు మోగి ఊరుకుంది.

తర్వాత పెరట్లోకి వెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకుంది. ఒక చెంబు కాదు, తొట్టి ఖాళీ అయ్యేదాకా పోసుకుంది. తడి జుట్టుతో వచ్చి, తోటలోని చామంతులు కోసి దండ గుచ్చింది. గంధపు దండ తీసి సత్యవేణి ఫొటోకి పూలదండ వేసింది. పద్దెనిమిదేళ్ళలో ఆ దండ నిజమైంది ఆ రోజే.

"మంగళవారం పూట తలకి పోసుకున్నావేంటత్తా? అమ్మ తద్దినం ఇవాళ కాదు కదా," అంది హైమ, సున్నుండ కొరుకుతూ హాల్లోకి వచ్చి.

"ఊరికేనమ్మా. వేడి చేసినట్టుంది," అంది సుభద్ర. ఫొటో వైపే చూస్తోంది.

తల్లి పోయిన పూట పిల్ల తీపి తింటోంది. వద్దనడానికి నాకు నోరు లేదు, నోరున్న మనిషికి ధైర్యం లేదు. హైమ దగ్గరికొచ్చి, కడుపు మీద ఒక చెయ్యి ఉంచుకుని, రెండో చేత్తో నన్ను చట్రంలోంచి లాగి చూసింది. వేప పువ్వు ఒకటి రాలిపోయింది, పసుపు కాస్త వెలిసింది.

"ఇంకా ఎంత బాగుందో చూడు. అత్తా, ఇవి చేసినావిడ చేతే బారసాలకి కూడా చేయిద్దామే. కామేశ్వరి గారికి ఫోను చేస్తావా?"

సుభద్ర ఫొటో మీంచి చూపు తిప్పి హైమ వైపు చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. దేవుడి సాక్షిగా చెప్పేస్తుందనే అనుకున్నాను.

"ఆవిడ పోయిందంటమ్మా," అంది.

"అయ్యో," అంది హైమ. నన్ను మళ్ళీ చట్రంలో జాగ్రత్తగా దోపింది. "ఎవరో, పాపం."